'గుడ్లు పెట్టే జత' అని అమ్మారు, రెండూ ఆడవే: ఏంజెల్ చేపలు కొనేవాళ్లు జాగ్రత్త

ఏంజెల్ చేపల 'బ్రీడింగ్ పెయిర్' కొందామని అనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా మా నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు వాళ్లు, డబ్బులిచ్చే ముందు ఇది ఒకసారి చదవండి. నాకు చేపలకి 2,800 రూపాయలు పోయాయి. వాటి వెనక మందులకీ హీటర్‌కీ ఇంకో రెండు వేల పైనే అయింది. డబ్బు సంగతి అటుంచండి, ఒక మనిషి చెప్పిన ప్రతి మాటా నమ్మి చేతులారా ఒక చేపని చంపుకున్నాను. షాపు పేరు రాయను. ఒకే ఊళ్లో ముఖాలు చూసుకుంటూ తిరగాల్సినవాళ్లం. పైగా ఇది ఆ ఒక్క షాపులోనే జరుగుతోందని నేననుకోను.

మేం వేదాయపాళెం వైపు ఉంటాం. ఇంట్లో మూడడుగుల ట్యాంకు ఉంది, దగ్గర దగ్గర 180 లీటర్లు పడుతుంది. రెండేళ్లుగా అందులో గప్పీలు ఉండేవి. గప్పీలకి మనం చేసేదేముంది, అవే కంటాయి, అవే పెరుగుతాయి. మా పాప ఏదో వీడియోలో ఏంజెల్ చేపలు పిల్లల్ని సాకడం చూసింది. గుడ్లు పెట్టింది మొదలు ఆడా మగా రెండూ పక్కనే నిలబడి రెక్కలతో నీళ్లు విసురుతుంటాయి. పిల్లలు కింద పడితే నోటితో పట్టి మళ్లీ ఆకు మీద పెడతాయి. అది చూశాక నాక్కూడా ముచ్చటేసింది. గప్పీలు తల్లి ఎదుట పడితే తల్లే మింగేస్తుంది మరి.

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం షాపుకి వెళ్లాం. రూపాయి బిళ్లంత పిల్లలు ఒక ఆరు కావాలని అడిగాను. నిజానికి నేను అడిగిందే సరైన పద్ధతి, దాని మీద నిలబడలేకపోయాను.

"చిన్నవి ఎందుకన్నా, అవి పెద్దయ్యేసరికి ఏడాది పడతది. గుడ్లు పెడతా ఉండే జత ఉంది, తీసుకెళ్లండి. నెల తిరిగేసరికి ట్యాంకు నిండా పిల్లలే" అని ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. నీళ్లలో నిలబెట్టిన బడి పలక, దాని మీద వరసలు వరసలుగా తేనెరంగు గుడ్లు, అటొకటి ఇటొకటి రెండు చేపలు. పలకకి పైన ఎడమ మూల విరిగి ఉంది. "అవే ఇవి" అని వెనక ట్యాంకులో రెండు మార్బుల్ ఏంజెల్స్‌ని చూపించాడు. ఒంటి నిండా నలుపూ తెలుపూ మచ్చలు. మార్బుల్ రకంలో ఏ చేప మచ్చలు దానివే, ఇంకోదానికి అచ్చం అలాగే ఉండవు. ఫొటో పక్కన పెట్టి పోల్చి చూస్తే అక్కడే తేలిపోయేది. పాప పక్కన గెంతుతుంటే నాకు ఆ ఆలోచనే రాలేదు.

మగదేది, ఆడదేది అని అడిగాను. "పెద్దది మగది, చిన్నది ఆడది" అన్నాడు, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. బిల్లు అడిగితే "మీకు బిల్లేందన్నా, గ్యారంటీ నాది" అన్నాడు. పోతూ పోతూ పది నియాన్ టెట్రాలు కూడా అంటగట్టాడు. "రెండూ అమెజాన్ చేపలే అన్నా, బాగా కలిసుంటాయి" అట. అమెజాన్ చేపలే, కాదనను. అక్కడ ఏంజెల్స్ అలాంటి చిన్న చేపల్ని కూడా తింటాయి. అయిదో రోజు పొద్దున లెక్కపెడితే మూడు మిగిలాయి. వాటిని పక్కింటివాళ్ల ట్యాంకుకి పంపించేశాం.

ఏంజెల్స్ మాత్రం బాగా తిన్నాయి, బాగా తిరిగాయి. మూడో వారంలో ఫిల్టర్ గొట్టం మీద గుడ్లు పెట్టాయి. ఇంట్లో పండగే. మా పాప స్కూలుకి వెళ్లనంది. మర్నాటికి గుడ్లు తెల్లబడటం మొదలైంది, ఆ మర్నాటికి అన్నీ సున్నపు చుక్కల్లా అయిపోయాయి. ఫలదీకరణ అయిన గుడ్డు తేనెరంగులో, అద్దంలా ఉంటుంది. ట్యాంకు వెచ్చదనాన్ని బట్టి రెండు మూడు రోజుల్లో లోపల తోక కదలడం కనిపిస్తుంది. తెల్లగా అయిందంటే అది పోయినట్టే. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్న సంగతి. అప్పుడు మాత్రం షాపుకి ఫోన్ చేశాను.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. ఆయన చెప్పిన ఏ ఒక్క కారణమూ పూర్తి అబద్ధం కాదు. అందుకే నేను పడిపోయాను.

మొదటిసారి, "కొత్త చోటు కదన్నా, బెదురు. మొదటి రెండు మూడు బ్యాచ్‌లు ఇట్టే పోతాయి" అన్నాడు. కొత్త జతలకి అలా జరుగుతుంది, నిజమే. పది పన్నెండు రోజులకి మళ్లీ గుడ్లు పెట్టాయి, మళ్లీ తెల్లబడ్డాయి. ఈసారి తప్పు మా నీళ్లది. "మీది బోరు నీళ్లా? ఉప్పు నీళ్లలో గుడ్లు యాడ పొదుగుతాయన్నా" అని పీహెచ్ తగ్గించే మందు ఒక సీసా ఇచ్చాడు. ఏంజెల్స్‌కి మెత్తటి నీళ్లు, అంటే లవణాలు తక్కువున్న నీళ్లు, ఇష్టమన్నదీ నిజమే. నేను మందు పోయడంతో ఆగకుండా 20 లీటర్ల ఆర్‌వో క్యాన్లు కూడా తెప్పించి కలిపాను. మేం తాగే క్యాన్ చేపలకి పోస్తుంటే మా అమ్మ చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

మూడోసారీ అంతే. ఈసారి "రాత్రిళ్లు నీళ్లు చల్లబడతా ఉంటాయన్నా, వేడి ఒకే తీరుగా ఉండాల" అన్నాడు. ఉగాది ముందు వారం, నెల్లూరులో, నేను హీటర్ కొన్నాను! ఏంజెల్స్‌కి 26 నుంచి 28 డిగ్రీలు చాలు. మా హాల్లో ట్యాంకు నీళ్లు ఏ హీటరూ లేకుండానే అప్పటికి 30 దాటాయి. ఆ హీటర్ ఒక్క రోజు కూడా వెలగలేదు. ఇప్పుడు అటక మీద ఉంది, డిసెంబరులోనైనా పనికొస్తుందేమో.

నాలుగోసారి నీలం మందు. "గుడ్లకి ఫంగస్ పడతా ఉందన్నా. ఇది ట్యాంకులో పోయండి, ఈసారి చూడండి" అన్నాడు. అది మెథిలీన్ బ్లూ. గుడ్ల మీద బూజు పట్టకుండా వాడే మందే, అందులో మోసం లేదు. కానీ దాన్ని గుడ్లు ఉన్న పలకనో ఆకునో విడిగా వేరే గిన్నెలోకి తీసి, అక్కడ నాలుగు చుక్కలు వేయాలి. చేపలూ ఫిల్టరూ ఉన్న పెద్ద ట్యాంకులో గుమ్మరించకూడదు. నేను మూతలకి మూతలు పోశాను. నీళ్లు సిరాబుడ్డిలా అయ్యాయి. ట్యాంకు మూలల్లో అద్దాల్ని అతికించిన సిలికాన్ ఆ రోజు పట్టిన నీలం ఇప్పటికీ వదల్లేదు.

నాలుగైదు రోజులకి రెండు చేపలూ పైకొచ్చి నోరు తెరుచుకుని నీటి పైపొర దగ్గర గుటకలు వేయడం మొదలుపెట్టాయి. షాపుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మా బావకి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. ఆ ఆదివారం ఏదో పని మీద ఇంటికొచ్చి ట్యాంకు వంక ఒక్క చూపు చూశాడు. "ఇది అమ్మోనియారా, మా గుంటలో రొయ్య పైకి తేలినట్టే ఉంది" అన్నాడు. బండిలో ఉన్న టెస్టింగ్ కిట్ తెచ్చి చూస్తే అమ్మోనియా 2 పీపీఎం, పీహెచ్ 8.2. అమ్మోనియా అసలు ఉండకూడదు. చేపలు వదిలే మలినం నుంచి వచ్చే ఈ అమ్మోనియాని తినేసే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో ఉంటుంది. నీలం మందు బూజుతోపాటు దాన్నీ చంపింది. పీహెచ్ ఎక్కువ, పైగా ఎండాకాలం వేడి. ఆ రెండూ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. "మరి పీహెచ్ మందు పోస్తున్నాను కదా" అంటే బావ నవ్వాడు. ఆల్కలినిటీ (పీహెచ్‌ని మారకుండా పట్టి ఉంచే గుణం) ఉన్న బోరు నీళ్లలో పీహెచ్ దించినా రెండ్రోజుల్లో మళ్లీ ఎక్కి కూర్చుంటుందట. రొయ్యల రైతుకి ఇది ఓనమాలు. మన జిల్లాలో ఏ ఆక్వా మందుల షాపుకి వెళ్లినా నీళ్ల పరీక్ష గురించి నాలుగు మాటలు చెప్తారు. నేను మాత్రం చేపలమ్మే మనిషినే పట్టుకుని వేలాడాను.

సగం నీళ్లు మార్చాం, గాలి పంపు ఇంకోటి పెట్టాం. చిన్నది తేరుకుంది. పెద్దది, అదే ఆయన 'మగది' అన్నది, రాత్రికి పోయింది.

పొద్దున దాన్ని పారేయబోతుంటే బావ ఆగమన్నాడు. పాపని లోపలికి పంపించి, పెరట్లో బ్లేడుతో పొట్ట కోసి చూపించాడు. లోపల గుడ్లు. పొట్ట నిండా, కూరచేపలో మనం చూస్తామే, అచ్చం అలాగే.

మూడు వారాలకి, ట్యాంకులో ఒంటరిగా మిగిలిన చిన్నది కూడా గొట్టం మీద గుడ్లు పెట్టింది. రెండూ ఆడవే. మగది లేకపోతే ఏంజెల్స్‌లో రెండు ఆడచేపలే జతకట్టి, చోటు శుభ్రం చేసుకుని, గుడ్లు పెట్టి కాపలా కూడా కాస్తాయి. చూసేవాళ్లకి అచ్చం జతలాగే ఉంటాయి. ఆ గుడ్లకి సంవత్సరమంతా మందులు పోసినా పిల్లలు రావు.

షాపుకి వెళ్లాను. గొడవ పెట్టుకోలేదు, జరిగింది చెప్పానంతే. ఆయన ఏమన్నాడో వినండి: "చేపల్లో ఆడదో మగదో ఎవరికి తెలుస్తుందన్నా, దేవుడికే తెలియాల." నాలుగు నెలల కిందట నాకు వేలు పెట్టి చూపించిన మనిషే! పైగా 1,500 ఇస్తే 'గ్యారంటీ మగది' ఇస్తానన్నాడు. బిల్లు లేదు కాబట్టి నేను ఏం చేయగలను? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ నంబరుకి చేసినా, ఏమని చెప్పి అమ్మారో చూపించడానికి నా దగ్గర డబ్బులు కొట్టిన మెసేజ్ తప్ప ఒక్క ముక్క కాగితం లేదు.

ఆయన అన్న ఆ మాటలో మాత్రం చాలావరకు నిజం ఉంది. ఏంజెల్స్‌లో సైజుని బట్టి, రెక్కల పొడవుని బట్టి ఆడా మగా చెప్పడం కుదరదు. గుడ్లు పెట్టే ముందు పొట్ట కింద చిన్న గొట్టం ఒకటి బయటికి వస్తుంది. ఆడదానికి అది లావుగా, మొద్దుగా ఉంటుంది. మగదానికి సన్నగా, మొన తేలి ఉంటుంది. గుడ్లు పెట్టడం అయిపోయాక అదీ లోపలికి పోతుంది. ఇది తెలిసిన మనిషి కూడా మామూలు రోజుల్లో ఖచ్చితంగా చెప్పలేడు. కాబట్టి అడగ్గానే టకటకా చూపించాడంటే అనుమానించండి.

పెద్ద జతే కావాలనుకుంటే గుడ్ల ఫొటో చాలదు, గుడ్లు ఆడచేపలు రెండున్నా వస్తాయి. పిల్లలు కదులుతున్న వీడియో అడగండి, అందులోని చేపల మచ్చల్నీ ఎదురుగా ఉన్న చేపల మచ్చల్నీ పోల్చండి. ఇంకా మంచిది, అడ్వాన్స్ ఇచ్చి, షాపులోనే ఇంకోసారి గుడ్లు పెట్టి అవి పొదిగేదాకా ఆగుతాననండి. నిజం జత ఉన్నవాడు ఒప్పుకుంటాడు. బిల్లు మీద 'బ్రీడింగ్ పెయిర్' అని రాయించుకోవడం మర్చిపోవద్దు. రాయనంటే బయటికి వచ్చేయండి.

లేదంటే నేను మొదట అడిగినట్టు బిళ్లంత పిల్లలు ఆరు కొనుక్కోండి. రెండే కొంటే రెండూ ఒకటే అయ్యే అవకాశం సగానికి సగం. ఆరు కొంటే అన్నీ ఆడవో అన్నీ మగవో అయ్యే అవకాశం ముప్పై రెండింట ఒకటి. ఎనిమిది, పది నెలలకి వాటిలో రెండు విడిపోయి ఒక మూల పట్టుకుని మిగతావాటిని తరమడం మొదలుపెడతాయి. అప్పుడు ఆ రెండింటినీ ఉంచుకుని మిగతావి ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ఆరూ పెరగాలంటే ట్యాంకు నాదంత ఉండాలి, ఎత్తు అడుగున్నరకి తగ్గకూడదు. ఏంజెల్ పొడవు కంటే ఎత్తు ఎక్కువ పెరిగే చేప.

నేను కూడా ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను. ఆ మిగిలిన ఆడచేప పక్కన అయిదు పిల్లలున్నాయి, మధ్యలో గాజు అడ్డం పెట్టాను, లేకపోతే తరిమి తరిమి కొడుతోంది.

ఇది రాయడానికి కారణం మొన్న జరిగింది. కావలిలో ఉండే మా స్నేహితుడు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపి, "మూడు వేలంట, తీసుకోమంటావా" అని అడిగాడు. మార్బుల్ ఏంజెల్ జత, మధ్యలో బడి పలక, దాని నిండా గుడ్లు. పలకకి పైన ఎడమ మూల విరిగి ఉంది.