తేలినీలాపురం వెళ్తే తెల్లారేసరికి అక్కడుండండి

పక్షుల్ని చూడాలనుందని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది మా విజయనగరం పెద్దచెరువే. పైసా ఖర్చు లేదు. పొద్దున్న ఆరింటికి గట్టు మీద నిలబడితే నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటుంటాయి, లకుముకి పిట్ట తీగ మీంచి దభీమని నీళ్లలో పడుతుంది. గుర్రపుడెక్క బాగా పరుచుకున్నప్పుడు మాత్రం నీళ్లే సరిగ్గా కనబడవు. ఒక గంట చాలు అక్కడ.

తీరిగ్గా చూడాలంటే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్లాల్సిందే. జనవరి ఆఖర్లో నేనూ, మా పిన్ని కొడుకూ వెళ్లొచ్చాం. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కి టెక్కలిలో దిగి, రాత్రికి ఒక లాడ్జిలో ఉన్నాం. గది పర్వాలేదు గానీ దోమలు నిద్రపోనివ్వలేదు, పైగా తెల్లవారుజామున కింద గేటుకి తాళం! కుర్రాణ్ణి లేపి తీయించేసరికి అరగంట పోయింది. తొందరగా బయల్దేరతామని రాత్రే చెప్పి పడుకోండి, ఎందుకంటే పొద్దెక్కితే పెద్ద పక్షుల్లో చాలావరకు నౌపడ వైపు చిత్తడి నేలల్లోకి మేతకి వెళ్లిపోతాయి. ఆటో ముందురోజే మాట్లాడుకుంటే మంచిది, రానూపోనూ, ఆగినందుకూ కలిపి.

పక్షుల శాంక్చువరీ అంటారు గానీ, ఏదో అడవి అనుకోకండి. ఊరి చెట్ల మీదే గూళ్లు. గూడబాతులు, అంటే పెలికాన్లు, ఒక్కో కొమ్మకి నాలుగైదు గూళ్లు పెట్టేశాయి, వాటి పక్కనే ఎర్రకాళ్ల కొంగలు. సైబీరియా నుంచి వస్తాయని ఆటో అతనూ చెప్పాడు, మేమూ చిన్నప్పట్నుంచీ అదే విన్నాం గానీ, ఈ గూడబాతు మన దేశంలో, శ్రీలంకలో, కంబోడియాలో గూళ్లు పెట్టే మన వైపు పక్షే. మన ఊళ్లో పుట్టిన పిట్టని ఎక్కడిదో అనడం నాకు నచ్చదు.

బైనాక్యులర్స్ తప్పకుండా పట్టుకెళ్లండి. నేను ఒక్క గూటినే ఇరవై నిమిషాలు చూశాను. తల్లి వాలగానే రెండు పిల్లలు మీదపడ్డాయి, ఒకటి తల్లి నోట్లోకి మెడదాకా తల దూర్చేసి, ముక్కు కింద సంచిలోంచి చేపల్ని తోడుకు తింటోంది. తల్లి మెడ ఊగిపోతున్నా కదల్లేదు. పక్క చెట్టు మీద కొంగ ఒకటి ఎండ ముఖానికి వీపు పెట్టి, రెక్కలు గొడుగులా పరిచి పిల్లలకి నీడ పడుతోంది.

అంతలో కారులో నలుగురొచ్చి పాటలు పెట్టి, పిట్టలు లేస్తే ఫొటో తీద్దామని చప్పట్లు కొట్టారు. పెద్దవి బెదిరి లేస్తే గూటి అంచున ఉన్న పిల్లలు కిందపడి చస్తాయి. మాకంటే ముందు ఒక మామ్మ లేచింది. “ఏటి బాబూ ఆ గోల? మా ఆడపిల్లలు పురిటికొచ్చినట్టు ఒచ్చినాయి, ఆపండి!” అంది. ఆపేశారు. ఈ పిట్టలు రాకపోతే ఆ ఏడు ఊరికి మంచిది కాదని అక్కడ నమ్మకం, అందుకే చెట్ల కింద రెట్ట వాసన కూడా ఎవరూ పట్టించుకోరు. మీకు మాత్రం మొదటి పది నిమిషాలు ముక్కు అదురుతుంది, టోపీ పెట్టుకోండి. టిఫిన్, మంచినీళ్లు టెక్కలి నుంచే తెచ్చుకోండి. ఆదివారం కాకుండా మామూలు రోజు వెళ్లగలిగితే ఇంకా మంచిది.

జనవరిలో కుదరకపోతే వానాకాలంలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి చూడండి, అక్కడికి వెళ్లేవాళ్లు ఇంకా తక్కువ. రైల్లో ఇచ్ఛాపురం దిగి ఆటోలో వెళ్లొచ్చు. అక్కడ నత్తలు తినే కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే కాపురం పెడతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది వీటికి. పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. కిందటి ఆగస్టులో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఆ తేడా వెతుక్కుంటూ ఉంటే, ఆ ఇంటావిడ అడక్కుండానే టీ ఇచ్చి, “అదిగో, ఆ చివరి కొమ్మ చూడండి, నిన్ననే గుడ్డు పగిలింది” అని చూపించింది.