హనుమంతుడి కొడుకును కన్నది: మన చేపా, థాయ్ మత్స్యకన్యా?

రామలక్ష్మణుల్ని పాతాళానికి ఎత్తుకుపోయిన మైరావణుడి కథ విన్నవాళ్లకి మత్స్యవల్లభుడు తెలిసే ఉంటాడు. హనుమంతుడి చెమట సముద్రంలో పడితే ఓ చేప మింగి కన్న కొడుకు. ఆయన బ్రహ్మచర్యానికి ఢోకా లేదు, సరే, కానీ పాపం ఆ చేపకి కనడంతోనే పని సరి.

థాయ్‌లాండ్ వాళ్ల రామాయణం రామకియెన్‌లో తల్లి సువన్నమచ్ఛ, సాక్షాత్తూ రావణుడి కూతురు, నడుము నుంచి కిందంతా చేప. వానరులు వారధి కోసం వేస్తున్న రాళ్లని తండ్రి మాట మీద తన చేపల దండుతో ఎత్తుకుపోతుంటే హనుమంతుడు నీళ్లలోకి దూకి పట్టుకుంటాడు, ఆ గొడవ కాస్తా ప్రేమలోకి దిగుతుంది (మన పెద్దవాళ్లు వింటే చెవులు మూసుకుంటారు). పుట్టినవాడు మచ్ఛాను, కోతి ఒళ్లు, చేప తోక.

రెండు కథల్లోనూ కొడుకు పాతాళంలో కాపలా కాస్తూ తండ్రితోనే తలపడతాడు. గుర్తుపట్టే ఘట్టం మాత్రం థాయ్‌దే భలే ఉంటుంది: ఆవులిస్తే నోట్లోంచి చంద్రుడు, చుక్కలు వచ్చేవాడే మీ నాన్న అని తల్లి చెప్పి ఉంటుంది, హనుమంతుడు ఆవులించి చూపిస్తాడు!

భక్తికైతే మన కథే. పాత్ర బలం చూస్తే నా ఓటు సువన్నమచ్ఛకి. అక్కడ దుకాణాల్లో కలిసొస్తుందని ఆమె బొమ్మ కూడా వేలాడదీస్తారు.