తెలుగు రిఫరెన్స్ బైబిల్: ఏడాది వాడాక నా అభిప్రాయం

పోయిన క్రిస్మస్‌కి ముందు ఒంగోల్లో ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో ఈ బైబిల్ కొన్నాను. లోపల ఉన్నది మన సంఘాల్లో అందరి చేతుల్లో కనిపించే పాత అనువాదమే. తేడా ఏమిటంటే ఇది రిఫరెన్స్ బైబిల్. ఒక వచనం పక్కన, అదే మాట గానీ అదే సంగతి గానీ ఇంకెక్కడెక్కడ ఉందో చిన్న అక్షరాలతో వేసి ఉంటుంది. చివర్లో ముఖ్యమైన పదాల పట్టిక ఉంది. జిప్పు కవరున్న మామూలు బైబిల్ కంటే నాకు రెండు వందలు ఎక్కువైంది.

ఎందుకు కొన్నానో చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం ఉండదు.

ఆ ముందు నెలలో మా దగ్గర్లో మూడు రోజులు స్వస్థత కూటాలు (రోగాలు నయం కావాలని ప్రార్థించే సభలు) జరిగాయి. ఆఖరి రాత్రి ప్రసంగం చేసినాయన "నూరంతలు" అనే మాట పట్టుకుని గంటసేపు చెప్పాడు. ఈ రాత్రి దేవునికి ఏది ఇస్తే దానికి నూరంతలు ఈ ఏడాదిలోనే తిరిగొస్తుందన్నాడు. మా అత్తయ్య చేతికున్న గాజు ఒకటి తీసి కానుకల్లో వేసింది. మామయ్య ఉండగా చేయించిన జతలో ఒకటి అది. ఇచ్చింది ఆవిడ, ఆవిడ ఇష్టం, నేనేమీ అనలేదు. కానీ ఇంటికొచ్చాక ఆవిడకి నిద్ర పట్టలేదు. "బంగారం మీద ఆశతో వెయ్యలేదమ్మా, అబ్బాయి అప్పు తీరుతుందని వేశాను" అంది.

మర్నాడు ఆ కూటాలు పెట్టించిన పెద్దాయన్ని, "అయ్యగారూ, ఆ మాట బైబిల్లో ఎక్కడుందండీ?" అని అడిగాను. మర్యాదగానే అడిగాను. "దైవజనుణ్ణి ప్రశ్నించకూడదమ్మా, నేను అభిషేకించినవారిని ముట్టకూడదు అని దేవుడే చెప్పాడు" అన్నారు. ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అంతవరకూ ఎప్పుడూ తెరిచి చూడలేదు.

బైబిల్ కొన్న రాత్రి ఇద్దరం మంచం మీద పెట్టుకుని ముందు "నూరంతలు" వెతికాం. ఆదికాండము 26లో ఇస్సాకు పంట గురించి ఉంది. మత్తయి 13లో విత్తువాని ఉపమానంలో ఉంది. మార్కు 10లో ఉన్నదే ఆ రాత్రి ప్రసంగం చేసినాయన చెప్పిన వచనం. అంతా విడిచి నిన్ను వెంబడించాం అని పేతురు అంటే యేసు ఇచ్చిన జవాబు అది. ఇండ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తల్లులు, పిల్లలు, భూములు, వీటన్నిటితో కలిపి "హింసలతో పాటు" అని ఉంది. గంటసేపు ప్రసంగంలో ఆ రెండు మాటలూ ఒక్కసారి కూడా రాలేదు. అత్తయ్య నాతో ఆ వచనం మూడుసార్లు చదివించుకుంది.

తర్వాత "అభిషేకించినవారిని ముట్టకూడదు" చూశాం. కీర్తన 105లో 15వ వచనం, మొదటి దినవృత్తాంతములు 16లో కూడా ఉంది. ఈ బైబిల్ విలువ నాకు తెలిసింది ఇక్కడే. పక్కనున్న రిఫరెన్సు పట్టుకుని వెళ్తే ఆదికాండము 20 వచ్చింది, అక్కడి నుంచి 26. ఊరు కాని ఊళ్లో తిరుగుతున్న అబ్రాహాముకూ ఇస్సాకుకూ హాని చెయ్యొద్దని రాజులకు ఇచ్చిన హెచ్చరిక అది. 20వ అధ్యాయంలో అబీమెలెకు అనే రాజుతో దేవుడే అబ్రాహామును ప్రవక్త అంటాడు. 26లో ఇస్సాకును ముట్టినవాడికి మరణశిక్ష అని రాజు ఆజ్ఞ ఇస్తాడు. బలమున్నవాళ్ల చేతుల నుంచి, బలం లేని పరదేశుల్ని కాపాడిన మాట! దాన్ని ప్రశ్న అడిగిన ఆడదాని నోరు మూయించడానికి వాడుతున్నారు. నాకు ఆ రాత్రి కోపం కంటే ఏడుపు ఎక్కువ వచ్చింది.

మా సంఘం అయ్యగారికి, అంటే మా పాస్టరుగారికి, ఇది చెబితే ఆయన నొచ్చుకోలేదు. గలతీయులకు 2:11 తీసి చూపించారు. పేతురు తప్పు చేసినప్పుడు పౌలు అతన్ని ముఖాముఖిగా ఎదిరించాడు. అపొస్తలుల కార్యములు 17:11 కూడా చదివించారు. బెరయలో ఉన్నవాళ్లు పౌలు, సీల చెప్పిన సంగతులు "ఆలాగున్నవో లేవో" అని రోజూ లేఖనాలు పరిశోధించారు. వాళ్లను ఘనులు అంది వాక్యం. పౌలు మాటనే పరీక్షించి చూడొచ్చంటే, మైకు పట్టుకున్న ప్రతివాళ్ల మాటా చూడొచ్చు.

ఇప్పుడు లోపాలు. అక్షరాలు బాగా చిన్నవి. రిఫరెన్సుల వరుస ఇంకా చిన్నది, అత్తయ్యకి భూతద్దం కావాల్సొచ్చింది. కాగితం పల్చన, జెల్ పెన్నుతో గీస్తే వెనక పేజీకి దిగింది, అందుకే ఇప్పుడు పెన్సిలే వాడుతున్నాం. పుస్తకాల పేర్లు పొడి అక్షరాల్లో ఉంటాయి, అలవాటయ్యే దాకా ఓపిక పట్టాలి. పదాల పట్టికలో అన్ని పదాలూ లేవు. అది లేనప్పుడు మా అబ్బాయి ఫోన్లో బైబిల్ యాప్ తెరిచి వెతికిపెట్టాడు. వెతకడానికి ఫోనే తేలిక, ఒప్పుకుంటాను. కానీ ఫోన్లో ఆ ఒక్క వచనం చూసి ఆగిపోతాం. పుస్తకంలో అయితే కన్ను పైకీ కిందికీ వెళ్తుంది.

యిర్మీయా 29:11 తీసుకోండి. మా ఇంట్లో క్యాలెండర్ మీద కూడా అదే ఉంది, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు". ఒక్క వచనం పైకి వెళ్తే, బబులోనులో డెబ్బై ఏళ్లు గడవాలని ఉంది. ఇంకో రెండు వచనాలు పైకి వెళ్తే, మీ మధ్యనున్న ప్రవక్తల చేత మోసపోవద్దని ఉంది. నలభై ఏళ్లుగా ఆ వచనం కంఠస్థం వచ్చిన నాకు ఆ పైన ఏముందో తెలియదు. కొత్త నిబంధనకు మనం ఇప్పుడు వాడే వచనాల అంకెలు వేసింది 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు. వెతుక్కోవడానికి ఎంతో మేలు చేశాయి అవి. ఒక్క ముక్క తుంచుకుని పోవడానికీ అవే వీలిచ్చాయి.

భాష గురించి కూడా చెప్పాలి. పాత అనువాదం చెవికి ఎంత బావున్నా, ఈ తరం పిల్లలకి అడ్డం పడుతుంది. "సమాధానము" అంటే శాంతి అని మనకు తెలుసు, మావాడు జవాబు అనుకున్నాడు. "నిరీక్షణ" అంటే వాడికి ఎదురుచూడటమే, ఆశ అని తట్టదు. అందుకని సమకాలీన అనువాదం ఒకటి పక్కన పెట్టుకోండి, రెండూ పోల్చి చదవండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పక్కన వేసిన రిఫరెన్సులు వాక్యం కాదు, ఎవరో మనుషులు కూర్చినవి. కొన్నిచోట్ల మాట ఒకటే, సంగతి వేరే. వాటినీ తీసి చూసి తేల్చుకోవాల్సిందే.

మాది గుండ్లకమ్మ పక్క ఊరు. 1878 జూలై 3న ఆ ఏటి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా అమ్మమ్మకు చదువు రాదు, బైబిల్ ఉమెన్ (ఇళ్లకు వెళ్లి వాక్యం చదివి చెప్పే ఆవిడ) ఇంటికొచ్చి చదివితే విని నేర్చుకుంది. వినడం తప్ప వేరే దారి లేదు ఆవిడకి. నాకు ఉంది.

కొనేవాళ్లు కవరు చూసి కొనకండి. షాపులోనే కీర్తన 105 తెరిచి, రిఫరెన్సుల అక్షరాలు మీ కంటికి ఆనుతున్నాయో లేదో చూసుకోండి. పెద్ద సైజు దొరికితే అదే తీసుకోండి, బరువైనా సరే. అత్తయ్య ఇప్పుడు ఆదివారం గుడికి ఇదే తెమ్మంటోంది. ప్రసంగంలో వచనం చెప్పగానే "పైన ఏముందో చూడమ్మా" అని నా మోచెయ్యి తడుతుంది. భూతద్దం ఆవిడ సంచిలో, బైబిల్ నా చేతిలో.