గాలి నింపే కయాక్‌తో గోదావరి పాయల్లో ఆరేళ్ళు

2019 డిసెంబరు మొదటి వారంలో మేము నలుగురు స్నేహితులము కలిసి, ఇద్దరేసి కూర్చుని తెడ్లతో నడిపే చిన్న పడవలు, అంటే గాలి నింపే కయాకులు, రెండు కొన్నాము. ఒక్కొక్కటి అప్పట్లో 16,000 రూపాయలకు కొంచెం పైన పడింది. పెట్టె విప్పిన వారంలోనే ఎవరో రాసిన మెప్పుదలలు చదివి కొన్నవాళ్ళము కనుక, కొత్తొక వింత, పాతొక రోత అన్న రెండు దశలూ దాటిన తరువాతనే మా మాట రాయాలని అప్పుడే అనుకున్నాము. ఈ ఆరేళ్ళలో వాటిని 40కి పైగా సార్లు నీళ్ళలోకి దించాము. ఎక్కువ ప్రయాణాలు డిండి దగ్గరి వశిష్ఠ పాయలోనూ, కోనసీమ కాలువల్లోనూ జరిగాయి. మిగిలినవి ధవళేశ్వరం ఆనకట్టకు చాలా ఎగువన, లంకల మధ్య నీరు నిలకడగా ఉండే చోట్ల సాగాయి.

వస్తువును ముందుగా పరిచయం చేయాలి. పొడవు పది అడుగుల పైచిలుకు, వెడల్పు మూడడుగులు, బరువు 14 కిలోల వరకు ఉంటుంది. దళసరి పీవీసీతో చేసిన మూడు గాలి గదులు ఉంటాయి. అటూ ఇటూ రెండు గొట్టాలు, అడుగున చాపలాంటిది ఒకటి. ఒక గదికి చిల్లు పడినా మిగిలిన రెండూ తేల్చి ఉంచుతాయి. ఇది మాకు ఒకసారి అనుభవంలోకి వచ్చింది కూడా. వెనుక అడుగున తగిలించే చిన్న ప్లాస్టిక్ రెక్క లేకపోతే పడవ తిన్నగా పోదు, తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు పక్కకు తిప్పుకుంటుంది. పెట్టె మీద 180 కిలోలు మోస్తుందని రాసి ఉంది. మోస్తుంది, నిజమే. కాని ఇద్దరు పెద్దవాళ్ళు, మంచినీళ్ళ సీసాలు, మధ్యాహ్నపు భోజనం కలిపి ఆ అంకెకు దగ్గరపడితే అది పడవలా కాక తడిసిన పరుపులా నడుస్తుంది. రాసిన బరువులో మూడు వంతులు ఎక్కించి, నాలుగో వంతు వదిలేయడం మేము నేర్చుకున్న లెక్క.

మేము కొనే నాటికి, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం గడిచి మూడు నెలలు కూడా కాలేదు. రాజమహేంద్రవరంలో ఆ రోజుల్లో ఏ ఇంట్లో నది మాట ఎత్తినా అందరూ ఒక్క క్షణం మౌనంగా ఉండిపోయేవారు. మా అమ్మ కయాకులను చూసి ఏమీ అనలేదు గాని, లైఫ్ జాకెట్లు ముందు చూపించమన్నది. ఆ ఒక్క మాట వల్ల మేము జాకెట్లను ఒడ్డున, నడుము లోతు నీళ్ళలో, ఒకరి తరువాత ఒకరు వేసుకుని పరీక్షించాము. చవకగా కొన్న నాలుగింటిలో రెండు, నీటిలో కాళ్ళు పైకి ఎత్తగానే చెవుల దాకా జారుకుని మనిషిని కింద వదిలేశాయి. తొడల మధ్య నుంచి బిగించే పట్టీ లేకపోవడమే కారణం. వాటిని ఆ రోజే పక్కన పెట్టి, పట్టీలున్నవి వేరుగా తెచ్చుకున్నాము. వాటి లోపలి చీటీ మీద 50 న్యూటన్లు (నీటిలో పైకి తేల్చే బలానికి కొలత) అని ఉంటే అది ఈత వచ్చినవారికి ఊతం మాత్రమే ఇస్తుంది. ఈత రానివారికి 100 గాని అంతకు మించి గాని ఉన్నది కావాలి. మా నలుగురిలో ఒకరికి ఇప్పటికీ ఈత రాదు కనుక ఈ తేడా మాకు కాగితం మీది సంగతి కాదు.

ఇక వాడకం. చేతి పంపుతో ఒక కయాకు నింపడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. కొత్తలో మేము ఒడ్డున ఎండలోనే గట్టిగా, మోగేటట్టు నింపేవాళ్ళము. నీళ్ళలోకి దించిన అయిదు నిమిషాలకే గొట్టాలు మెత్తబడితే కారుతోందేమోనని కంగారుపడేవాళ్ళము. అది కారడం కాదు, చల్లటి నీరు తగిలి లోపలి గాలి ముడుచుకోవడం. నీళ్ళలో ఉండగా మరో నాలుగు సార్లు పంపు కొడితే సరిపోతుంది. అసలు ప్రమాదం దీనికి తలకిందులుగా ఉంటుంది. భోజనానికని పడవను ఇసుక మీదికి లాగి ఎండలో వదిలేస్తే, లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి అతుకుల మీద పడుతుంది. 2021 మార్చిలో ఒక మధ్యాహ్నం మేము పులిహోర తింటూ ఉండగా వెనుక నుంచి చీరె చించినట్టు శబ్దం వచ్చింది. అడుగు గది అతుకు ఒక జానెడు విడిపోయింది. పడవ ఒడ్డెక్కగానే ప్రతి గదిలోంచి కొంత గాలి వదలాలని సూచనల కాగితంలో చిన్న అక్షరాలతో రాసి ఉందని ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక చూశాము.

వశిష్ఠలో మాకు అందరికంటే ఎక్కువ నేర్పినది నీరే. డిండి దగ్గర నదిని చూసి, నీరు ఎప్పుడూ సముద్రం వైపే పోతుందనుకుని మొదటి రెండు ప్రయాణాలు లెక్క కట్టుకున్నాము. ఎగువ నుంచి వరద రాని నెలల్లో, అంతర్వేది దగ్గర కలిసే సముద్రం పోటెక్కినప్పుడు నీరు పైకి ఎగదన్నుతుంది, పాటు తీసినప్పుడు కిందికి లాగుతుంది. ఈ మార్పు ఇంచుమించు ఆరు గంటలకు ఒకసారి వస్తుంది, రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. మొదటిసారి పోటుకు ఎదురుగా గంటన్నర తెడ్లు వేసి, చూస్తే రేవులోని అదే కొబ్బరిచెట్టు ఇంకా మా పక్కనే ఉంది. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మా పాట్లు చాలాసేపు చూసి, "పోటు మీదుంది బాబూ, చేతులు పడిపోతాయి. కాసేపు కూర్చోండి, ఆ నీళ్ళే తీసుకుపోతాయండి" అన్నారు. కూర్చున్నాము. ముప్పావు గంటకు నీటిలో తేలే కొబ్బరి మట్టలు కదలకుండా ఆగి, తరువాత మెల్లగా వెనక్కి తిరిగాయి. అప్పటి నుంచి మా ప్రయాణాల తేదీలు పంచాంగం చూసి పెట్టుకుంటున్నాము. అమావాస్యకూ పౌర్ణమికీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ నీటి లాగుడు హెచ్చుగా ఉంటుంది, సప్తమి అష్టముల నాటికి తగ్గుతుంది. పోయేటప్పుడు పాటుతో పోయి, లంకలో భోంచేసి, పోటుతో తిరిగి వచ్చేటట్టు వేళ కుదిరితే రోజంతా కలిపి పది కిలోమీటర్లు వెళ్ళి వచ్చినా భుజాలు నొప్పి పెట్టవు. ఈ కయాకు నిజమైన యంత్రం అదేననిపిస్తుంది నాకు.

నీటితో ఇలా రాజీపడవచ్చు గాని, గాలితో పడలేము. గాలి నింపిన పడవ నీటిలో మునిగే భాగం తక్కువ, పైకి తేలే భాగం ఎక్కువ కనుక అది సగం తెరచాపలాగా ప్రవర్తిస్తుంది. ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు హాయిగా పోతుంది. పదకొండు దాటి సముద్రపు గాలి మొదలయ్యాక అదే వేగం ఒక కిలోమీటరుకు పడిపోతుంది, ముక్కు గాలి చెప్పిన దిక్కుకు తిరుగుతుంది. ఈ లోపం ఎంత పెద్దదో మాకు హైదరాబాదు వెళ్ళినప్పుడు తెలిసింది. వికారాబాదు జిల్లాలోని కోట్‌పల్లి జలాశయంలో (మా ముక్తేశ్వరం ఎదుటి కోటిపల్లి రేవు కాదు) గట్టి ప్లాస్టిక్ కయాకులు అద్దెకు తీసుకుని గంటసేపు తిరిగాము. అదే గాలిలో, అవే చేతులతో, తెడ్డు వేసిన ప్రతి వేటుకూ పడవ తిన్నగా ముందుకు జారింది. ఒడ్డెక్కాక మాలో ఒకరు, మన రెండింటినీ అమ్మేద్దామని అప్పుడే అన్నారు. కాని ఆ గట్టి పడవను మూడో అంతస్తులోని ఇంటికి ఎవరు మోస్తారన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేకపోయింది.

మోత మాట వచ్చింది కనుక కాలువల గురించి చెప్పాలి. మధ్య డెల్టా కాలువల్లో గాలి బాధ ఉండదు, రెండు గట్ల మీదా కొబ్బరిచెట్లు నీడనిస్తాయి, నీరు మెల్లగా ఒకే దిక్కుకు నడుస్తుంది. ఒకప్పుడు ధాన్యం పడవలు నడిచిన దారులు ఇవి. వాటి కోసం కట్టిన లాకులు (నీటి మట్టం మారే చోట పడవలను దాటించే తలుపుల కట్టడాలు) ఇప్పటికీ ఉన్నాయి. ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులు వాటిలో అందరూ ఎరిగినవి. లాకు తలుపుల దగ్గర నీటి ఊపు మోసకరంగా ఉంటుంది కనుక, మేము చాలా ముందుగానే గట్టెక్కి, కయాకును ఇద్దరం తలమీద పెట్టుకుని రోడ్డు పక్కన నడిచి, దిగువన మళ్ళీ దించేవాళ్ళము. 14 కిలోల బరువు అక్కడ వరమే. ఆత్రేయపురంలో కొన్న పూతరేకులు మాత్రం పడవలో పెట్టుకోకూడదు. అడుగున చేరిన తడికి పది నిమిషాల్లో కాగితమూ రేకూ ఏకమైపోయాయి.

కాలువల్లో అసలు శత్రువు గుర్రపుడెక్క. గాలి వీచిన వైపు చేరి, కాలువ నిండుగా చాప పరచినట్టు కమ్ముకుంటుంది. గట్టి పడవ దాన్ని కొంతవరకు చీల్చుకుపోగలదేమో గాని, మా గాలి కయాకు దాని మీదికెక్కి కూర్చుంటుంది, వేళ్ళు వెనుక రెక్కకు చుట్టుకుంటాయి. ఒకసారి నూరు గజాలు దాటడానికి నలభై నిమిషాలు పట్టింది. అందుచేత బయలుదేరే ముందు మోటారు సైకిలు మీద గట్టు వెంట ఒకసారి తిరిగి చూసి రావడం మాకు నియమమయింది. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకు కాలువలు కట్టివేస్తారు కనుక ఆ కాలంలో ఈ దారి లేనట్టే.

చిల్లుల సంగతి అందరూ అడుగుతారు. ఆరేళ్ళలో రెండింటికీ కలిపి పదకొండు పడ్డాయి, వాటిలో ఎనిమిది నీటిలో కాక ఒడ్డు మీద పడినవే. సర్కారు తుమ్మ ముల్లు ఇసుకలో కనబడదు, పడవను ఈడ్చితే తప్పక దొరుకుతుంది. వంతెన స్తంభాలను అంటుకుని ఉండే గుల్లలు కత్తుల్లాంటివి, వాటికి దూరంగా పోవడమే మార్గం. తొలి చిల్లును సైకిలు షాపులో రబ్బరు సొల్యూషనుతో అతికించాము. అది మరునాటికి పొరలాగా ఊడి వచ్చింది. పీవీసీకి వినైల్ జిగురే కావాలి. చిల్లును సబ్బునీళ్ళతో వెతికి, చుట్టూ స్పిరిటుతో తుడిచి, అతుకు వేసి, పన్నెండు గంటలు కదపకుండా బరువు పెట్టి ఉంచినవి ఇప్పటికీ నిలిచాయి. ఒక చిల్లును మాత్రం ఏ ముల్లుకూ అంటగట్టలేము. వానాకాలమంతా మెట్ల కింద మడిచి పెట్టిన కయాకులో ఎలుక కాపురం పెట్టి, మడత పొడవునా వరుసగా నాలుగు పొరలు కొరికింది. విప్పి చూస్తే కాగితం కత్తిరించి చేసిన తోరణంలాగా ఉంది. దానిని ఒకే చిల్లుగా లెక్కపెట్టడం మా ఉదారత.

కొనేవారికి ఎవరూ చెప్పని ఖర్చు ఆరబెట్టడం. నదిలో నాలుగు గంటలు గడిపితే, ఇంటికొచ్చాక కడగడానికి, ఆరబెట్టడానికి రెండు గంటలు పడుతుంది. పోటు నీటిలో ఉప్పు ఉంటుంది, కవాటాల్లో ఇసుక చేరుతుంది, ఆ ఒక్క రేణువు వల్ల మూత సరిగ్గా పడక గాలి పోతుంది. అడుగు చాప గాడుల్లో దాగిన తడి మూడు రోజులకు బూజుగా మారి, ముక్కు మూసుకునే వాసన వస్తుంది. డాబా గాని, నీడగల వరండా గాని లేనివారు ఈ వస్తువు జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయము.

తోడు వచ్చిన సరంజామాలో పంపు ఏడాది తిరగకుండానే విరిగింది. గడువు ఇంకా ఉన్నదని అమ్మినవారికి మూడుసార్లు రాసినా, ఫొటో పంపమనడం తప్ప ఏమీ జరగలేదు. బయట వేరేది కొనుక్కున్నాము. అల్యూమినియం తెడ్లు తేలికగానే ఉన్నాయి గాని, మధ్య అతుకు దగ్గర ఊగులాట మొదలై చప్పుడు చేస్తాయి. సీట్లు నాలుగింటిలో రెండింటి గాలి నిలవదు, వాటి స్థానంలో ఇప్పుడు మడిచిన దుప్పటి వాడుతున్నాము. నిజం చెప్పాలంటే దుప్పటే సుఖంగా ఉంది.

ఇద్దరు కూర్చునే పడవలో ముందున్నవారు వేగానికి, వెనుకనున్నవారు దిక్కుకు బాధ్యులు. ఇది చెప్పినంత సులువుగా కుదరదు. మాలో బ్యాంకు ఉద్యోగికీ, బడి మాస్టారికీ ఇరవై ఏళ్ళ స్నేహం. ఒకే పడవలో కూర్చోబెడితే తెడ్లు ఒకదానికొకటి తగిలి, గంటలోపల మాటలు ఆగిపోయేవి. జంటలు మార్చాము, ఇప్పుడు ఇద్దరూ వేరు వేరు పడవల్లో నుంచి ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ హాయిగా ఉన్నారు. మత్స్యకారుల వలలు పరచిన చోట తెల్లటి బెండ్ల వరుస కనబడగానే దూరంగా చుట్టి పోవాలన్న నియమంలో మాత్రం నలుగురికీ ఏనాడూ తేడా రాలేదు. అది వాళ్ళ పొలం. కోరంగి మడ అడవులు అభయారణ్యం కనుక మా పడవలను అక్కడికి తీసుకుపోలేదు.

జూలై నుంచి అక్టోబరు వరకు మేము నది దగ్గరికి పోము. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. ఆ ఏడు డిసెంబరులో మేము మళ్ళీ దిగితే, మూడేళ్ళుగా భోంచేస్తూ వచ్చిన ఇసుక తిప్ప అక్కడ లేదు. ఎక్కడ లోతు, ఎక్కడ మెరక అన్నది మొదటి నుంచీ తెడ్డుతో పొడిచి చూసుకోవలసి వచ్చింది.

కాలువలకు, చిన్న పాయలకు, ఉదయపు వేళలకు, మెట్లెక్కి పడవను మోసుకుపోవలసినవారికి ఈ రకం కయాకును నేను నిస్సంకోచంగా చెబుతాను. వెడల్పయిన గోదావరిని అడ్డంగా దాటాలనుకునేవారికి, మధ్యాహ్నం గాని తీరిక దొరకనివారికి చెప్పను. మా రెండింటిలో ఎలుక కొట్టినది ఇప్పుడు అతుకుల మీద అతుకులతో ఒక మనిషినే మోస్తుంది. రెండోదాని అడుగు గది గంటకొకసారి పంపు అడుగుతోంది. వచ్చే అష్టమి ఆదివారం పడింది, ఈతరాని మా మిత్రుడు పంపు చేతపట్టుకుని ముందు కూర్చోవడానికి ఒప్పుకున్నాడు.