భయానక కథలకు ఇద్దరు సంపాదకులు: రైట్, డెర్లెత్

అమెరికా భయానక కథను జనంలోకి తెచ్చింది ఫార్న్స్‌వర్త్ రైటా, ఆగస్ట్ డెర్లెతా?

రైట్ 1924 నుంచి 1940 వరకు ‘వియర్డ్ టేల్స్’ పత్రికకు సంపాదకుడు. చవక కాగితం, పాతిక సెంట్ల ధర, మార్గరెట్ బ్రండేజ్ గీసిన కవ్వించే ముఖచిత్రాలు. అట్ట చూసి కొన్నవాళ్లకు లోపల భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ దొరికేవాడు. కానీ రైట్‌ది ఊగిసలాడే మనసు. లవ్‌క్రాఫ్ట్ కథ ‘ది కాల్ ఆఫ్ కతుల్హు’ను ముందు తిప్పి పంపి, తర్వాత మనసు మార్చుకుని 1928 ఫిబ్రవరి సంచికలో వేశారు. 1931లో ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ను మరీ పొడుగైందని కాదన్నారు. లవ్‌క్రాఫ్ట్ కుంగిపోయాడు. ఆ నవలిక చివరికి 1936లో వేరే పత్రికలో వచ్చింది. వచ్చే నెల సంచిక అమ్ముడుపోవాలన్న బెంగ ఉన్నవారిని మరీ తప్పుపట్టలేం.

రచయిత కూడా అయిన డెర్లెత్‌కు ఆ బెంగ లేదు, మొండితనం ఉంది. లవ్‌క్రాఫ్ట్ 1937లో చనిపోయాక, ఆయన కథల సంపుటిని పెద్ద ప్రచురణకర్తలు వద్దన్నారు. డెర్లెత్ 1939లో డొనాల్డ్ వాండ్రీతో కలిసి ‘ఆర్కమ్ హౌస్’ అనే ప్రచురణ సంస్థ పెట్టి తామే అచ్చువేశారు: 1,268 ప్రతులు, ఒక్కోటి 5 డాలర్లు. అమ్ముడుపోవడానికి ఏళ్లు పట్టింది. రచయిత రే బ్రాడ్‌బరీ తొలి పుస్తకమూ 1947లో ఇక్కడి నుంచే వెలువడింది. లవ్‌క్రాఫ్ట్ వదిలిన చిన్న చిన్న ముక్కలకు డెర్లెత్ సొంత కథలు అల్లి, ఇద్దరి పేర్లతో వేయడం మాత్రం నాకు మింగుడుపడదు.

కథలను అట్టల మధ్య భద్రపరచింది డెర్లెత్. వాటికి పాఠకులను తయారుచేసింది రైట్. నా ఓటు రైట్‌కే. అన్నట్టు, 1926లో డెర్లెత్ మొదటి కథను అచ్చువేసిందీ ఆయనే.