ప్లేట్‌లెట్లా, హెపారినా?
సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కి ఒళ్లంతా అదుపు తప్పి స్పందించడం), పెద్ద గాయం, కాన్పులో చిక్కులు, క్యాన్సర్, కారణం ఏదైనా డీఐసీలో (రక్తం గడ్డకట్టే వ్యవస్థ ఒళ్లంతా అదుపు తప్పే స్థితి) సన్నని రక్తనాళాల్లో గడ్డలు కడతాయి. ప్లేట్‌లెట్లు, గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఆ పనికే ఖర్చయిపోయి మరోపక్క రక్తం కారుతుంది.

హైదరాబాద్‌లో ఐసీయూ బయట బంధువులు ముందుగా అడిగేది "ప్లేట్‌లెట్లు ఎక్కించరా?" అనే. డెంగీ సీజన్లు నేర్పిన అలవాటది. సూది గుచ్చిన చోట దూది తడుస్తూనే ఉండి, కౌంట్ 50,000 లోపుంటే ఎక్కించాల్సిందే. అవసరాన్ని బట్టి ప్లాస్మా, క్రయో (ప్లాస్మా నుంచి తీసే, ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే భాగం) కూడా. రక్తం కారకపోతే, మరీ 10-20 వేల లోపు పడితే తప్ప, సాధారణంగా అంకె చూసి ఎక్కించరు.

వేళ్ల కొసలు నల్లబడుతున్నా, కాలి సిరలో గడ్డ ఉన్నా, రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు హెపారిన్ వైపు మొగ్గుతారు. రక్తం కారుతుంటే మాత్రం అదే ప్రమాదం.

నా మట్టుకు రెండింటికన్నా ముందు మూలకారణమే. సెప్సిస్‌కి యాంటీబయాటిక్ గంట ఆలస్యమైనా నాకు టెన్షనే.