క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు హోమ్ లోన్‌తో ఇన్సూరెన్స్ తీసుకునే ముందు ఇది చదవండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇల్లు కట్టుకోవడానికో ఫ్లాట్ కొనడానికో లోన్‌కి వెళ్తున్నవాళ్ల కోసం ఈ పోస్టు. ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చి ట్రీట్‌మెంట్ అయి ఉంటే తప్పకుండా చదవండి. లోన్‌తో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్‌లో మన ఆరోగ్యం గురించి అడిగే ఫారం ఒకటి ఉంటుంది. దాన్ని బ్యాంకులో కూర్చున్న మనిషి చేతికి వదిలేయకండి. ఆ ఒక్క ఫారం వల్ల మా పిన్ని ఇప్పుడు ఇల్లు నిలబెట్టుకోవడానికి నానా తిప్పలు పడుతోంది.

మా బాబాయికి కావలిలో మోటార్లు వైండింగ్ చేసే షాపు. రొయ్యల చెరువుల మోటార్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. పెద్దపేగు క్యాన్సర్ వస్తే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లి అడయార్ క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకున్నాడు. ఆపరేషన్, కీమో అయ్యాయి. మనిషి సన్నబడ్డాడు గానీ మళ్లీ షాపు తెరిచాడు. రిపోర్టులు బాగానే వస్తున్నాయి కదా అని ఇంటికి లోన్ పెట్టాడు.

బ్యాంకులో లోన్ మంజూరు చేసే రోజు ఇన్సూరెన్స్ చూసే అబ్బాయి ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. బాబాయి తన జబ్బు సంగతి చెప్పి, ఆసుపత్రి ఫైలు బల్ల మీద పెట్టాడు. పిన్ని పక్కనే ఉంది. ఆ అబ్బాయి అన్న మాట ఇది: "అదంతా పాతది గదా సార్. అవన్నీ రాస్తే ఫైలు ఆగిపోద్ది. ఇన్సూరెన్స్ లేకుండా లోన్ ఇవ్వరు. మీకొచ్చిన ఓటీపీ చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటా."

ప్రీమియం రూ.1.60 లక్షలు. చేతి నుంచి ఇవ్వక్కర్లేదని దాన్ని కూడా లోన్‌లోనే కలిపేశారు. 9 శాతం వడ్డీకి 15 ఏళ్ల లెక్క వేసుకుంటే ఆ ప్రీమియం ఒక్కదానికే మొత్తం రూ.2.92 లక్షల దాకా కట్టాల్సి వస్తుంది. ఈ లెక్క అప్పుడు ఎవరూ చెప్పలేదు.

రెండేళ్లు తిరక్కుండానే జబ్బు లివర్‌కి పాకింది. బాబాయి పోయాడు. పిన్ని క్లెయిమ్ పెడితే, జబ్బును మోసపూరితంగా దాచారు కాబట్టి డబ్బు ఇవ్వమని ఇన్సూరెన్స్ కంపెనీ లెటర్ పంపింది. ప్రీమియం కూడా తిరిగివ్వలేదు. ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

అప్పుడు ఫారం కాపీ తెప్పించి చూశాం. క్యాన్సర్ వచ్చిందా, లేదు. ఆపరేషన్ జరిగిందా, లేదు. గత ఐదేళ్లలో ఆసుపత్రిలో చేరారా, లేదు. పైనుంచి కిందిదాకా అన్నిటికీ అదే. నన్ను ఎక్కువగా కుదిపింది మాత్రం ఇంకొకటి. అందులో బాబాయి బరువు 70 కిలోలు అని ఉంది. ఆపరేషన్ తర్వాత ఆయన 52 కిలోలు దాటలేదు, అడయార్ చెకప్ కాగితాల్లో ప్రతిసారీ బరువు రాసి ఉంది. అంటే ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నింపేశారన్నమాట. ఇప్పుడు మా చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం కూడా అదే.

ఇక మీరు తెలుసుకోవాల్సినవి. మనిషి ప్రాణానికి ఇన్సూరెన్స్ తీసుకుంటేనే లోన్ ఇస్తామని బ్యాంకు బలవంతం చేయకూడదు. అట్లా అంటే ఆ మాట రాసివ్వమనండి, చాలాచోట్ల అక్కడితో ఆగిపోతుంది. ఇంటి కట్టడానికి అగ్నిప్రమాదం, వరద లాంటి వాటికి తీసుకునే బీమా వేరు, ఇది వేరు. రెండూ కలిపి 'కంపల్సరీ' అని చెప్పేవాళ్లున్నారు.

బీమా చట్టంలో 45వ సెక్షన్ అని ఉంది. పాలసీ మొదలై 3 ఏళ్లు దాటాక ఏ కారణంతోనూ దాన్ని కంపెనీ ప్రశ్నించడానికి లేదు. దీన్ని పట్టుకుని కొందరు ఏజెంట్లు "మూడేళ్లు గడిస్తే చాలు, జబ్బు రాయకండి" అని సలహా ఇస్తున్నారు. దయచేసి వినకండి. క్యాన్సర్ తిరగబెడితే ఎప్పుడు తిరగబెడుతుందో డాక్టర్లే చెప్పలేరు. ఆ మూడేళ్ల లోపు ఏమైనా జరిగితే కంపెనీ ఆసుపత్రి రికార్డులన్నీ లాగుతుంది. మోసం అని కంపెనీ అంటే, పాలసీదారుడు బతికి లేనప్పుడు అది మోసం కాదని నిరూపించాల్సిన భారం నామినీ మీద పడుతుంది. ఇది కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. చెప్పిన మనిషి పోయాక, చెప్పాడని భార్య నిరూపించాలి. పిన్ని ఇప్పుడు మోస్తున్నది ఆ బరువే.

అదే సెక్షన్‌లో మనకు పనికొచ్చే మాటలూ ఉన్నాయి. పాలసీ గురించి మాట్లాడి ఒప్పించిన వ్యక్తిని, ఒప్పందం కుదిరిన విషయం వరకు ఇన్సూరెన్స్ కంపెనీ ఏజెంటుగానే చూడాలి. కంపెనీకి ముందే తెలిసిన విషయాన్ని దాచారని చెప్పి క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. అంటే బ్యాంకులో ఆ అబ్బాయికి మీరు చెప్పినట్టు రుజువుంటే మీ వాదనకు బలం ఉంటుంది. అందుకే నోటితో చెప్పి ఊరుకోవద్దు. జబ్బు పేరు, ఏ సంవత్సరం, ఏ ట్రీట్‌మెంట్, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, ఇవన్నీ బ్యాంకుకీ కంపెనీకీ మెయిల్ పెట్టండి. డిశ్చార్జి సమ్మరీ జత చేయండి. ఫారం మొత్తం మీ కళ్లతో చదివేదాకా ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ వచ్చాక ఫారం కాపీ కూడా అడగండి. తేడా కనిపిస్తే ఫ్రీ లుక్ గడువులో వెనక్కి ఇచ్చేయొచ్చు, మామూలుగా అది 30 రోజులు.

నిజం రాస్తే ఏమవుతుంది? కొన్ని కంపెనీలు ఇవ్వమంటాయి. కొన్ని ట్రీట్‌మెంట్ అయి ఇంకొన్నేళ్లు గడిచాక రమ్మంటాయి. కొన్ని ఎక్కువ ప్రీమియం వేసి ఇస్తాయి. ఏ క్యాన్సర్, ఏ స్టేజి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకచోట కాదన్నారని అక్కడితో వదిలేయకుండా నాలుగు చోట్ల అడగండి. ఎక్కడా దొరక్కపోతే, లోన్ ఇద్దరి పేరుతో ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేరు మీదైనా టర్మ్ పాలసీ తీసుకోవచ్చు. ఉద్యోగం చేసేవాళ్లు ఆఫీసులో గ్రూప్ ఇన్సూరెన్స్ ఉందేమో కనుక్కోండి, చాలావాటిలో ఒక మొత్తం దాకా మెడికల్ అడగరు. 18 నుంచి 50 ఏళ్ల లోపు వాళ్లు బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరొచ్చు. ఏడాదికి రూ.436, కవర్ రూ.2 లక్షలు, మెడికల్ పరీక్షలు ఉండవు. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం తప్ప వేరే కారణంతో పోతే మాత్రం రాదు. ఇంటి లోన్ ముందు 2 లక్షలు చిన్న మొత్తమే, కానీ కొన్ని నెలల ఈఎంఐలైనా గడుస్తాయి.

జబ్బు రాకముందు తీసుకున్న పాత పాలసీ ఉంటే ప్రీమియం ఆపేసి దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ల్యాప్స్ (రద్దు) కానివ్వకండి. ట్రీట్‌మెంట్ ఖర్చుల్లో పడి చాలామంది ముందు ఆపేది దాని ప్రీమియమే. ఆగిపోయిన పాలసీని మళ్లీ రివైవ్ చేయాలంటే ఆరోగ్యం గురించి కొత్తగా డిక్లరేషన్ ఇవ్వాలి, 45వ సెక్షన్‌లో 3 ఏళ్లు కూడా మళ్లీ మొదటికొస్తాయి. వడ్డీ తక్కువని లోన్‌ని ఇంకో బ్యాంకుకి మార్చేవాళ్లు కూడా, పాత లోన్ మీదున్న కవర్ ఏమవుతుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే కదలండి.

క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. మన రాష్ట్రం వాళ్ల పరిధిలోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, రూ.50 లక్షల దాకా పరిహారం ఇప్పించగలరు. కంపెనీ కాదన్నాక ఏడాది లోపే వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే మాత్రం వీళ్లు తీసుకోరు, కాబట్టి ఏదో ఒకటే ఎంచుకోండి. పిన్ని అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పంపింది. ఫారం కాపీ, అడయార్ చెకప్ కాగితాలు పక్కపక్కన పెట్టి, బరువు దగ్గర ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి పంపాం. ఇంకా పిలుపు రాలేదు.

మీ ఇంట్లో ఇప్పటికే ఇట్లాంటి లోన్ నడుస్తుంటే ఈ వారమే ఆ ఫారం కాపీ తెప్పించుకోండి. తప్పు రాసి ఉంటే, ఎవరు నింపారో చెప్తూ, అసలు విషయం కంపెనీకి రాసి పంపండి. కవర్ రద్దు చేస్తామన్నా భయపడొద్దు. మనిషి ఉన్నప్పుడే ఆ సంగతి తెలిస్తే వేరే ఏర్పాటు చూసుకోవడానికి టైమ్ ఉంటుంది.